అప్‌డేట్: శాంటొరిని వైనరీకి వెళ్లొచ్చాం

గ్రీసు దీవి శాంటొరినిలో వైన్ టేస్టింగ్‌కు పొద్దున వెళ్లాలా, సాయంత్రమా అని అడిగాను కదా. సాయంత్రమే వెళ్లాం, పిర్గోస్ అనే ఊరి దగ్గర. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలిన చోట ఇప్పుడు కింద అంతా సముద్రం. మాటలు రాలేదు.

కానీ నాకు అంతకన్నా నచ్చింది తోట. ద్రాక్షకు పందిరే లేదు! తీగను నేలమీదే బుట్టలా చుట్టేస్తారు, దాన్ని 'కులూరా' అంటారు. ఈదురుగాలి నుంచి గుత్తులను కాపాడేది ఆ బుట్టే. వాన తక్కువ, రాత్రి సముద్రం మీంచి వచ్చే తేమను ప్యూమిస్ (చిల్లులుండే తేలికైన అగ్నిపర్వత రాళ్లు) పట్టి ఉంచుతుంది.

అక్కడి తెల్ల ద్రాక్షతో చేసే అసిర్తికో వైన్ పుల్లగా, కాస్త ఉప్పగా అనిపించింది. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తియ్యటి విన్‌శాంటో మా ఆవిడకు తెగ నచ్చింది. వెళ్లేవాళ్లు ముందే ఏదైనా తినండి, కారు మాత్రం నడపకండి. సాయంత్రమే వెళ్లమన్న అందరికీ థాంక్స్.