జ్వొనిమిర్ అనే క్రొయేషియా పేరు గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను

క్రొయేషియా మధ్యయుగ రాజుల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అందులో 1075లో కిరీటధారణ జరిగి, 1089 వరకు పాలించిన ద్మితర్ జ్వొనిమిర్ పేరు దగ్గర ఆగిపోయాను. 'జ్వొన్' అంటే మోగే ధ్వని అనీ, 'మిర్' అంటే శాంతి అనీ తెలుసు. కానీ రెండూ కలిసినప్పుడు స్థానికులు ఆ పేరును ఏ అర్థంతో వింటారో చెప్పగలవారు కావాలి.

క్ర్క్ ద్వీపంలోని ఒక చిన్న చర్చి నేలలో 1851లో బయటపడిన బాష్కా శిలాఫలకం నన్ను మరీ ఆకట్టుకుంది. దాదాపు రెండు మీటర్ల వెడల్పున్న ఆ సున్నపురాతి పలకపై గ్లాగోలిటిక్ అనే ప్రాచీన స్లావిక్ లిపిలో చెక్కిన 13 పంక్తుల్లో, ఆ చర్చికి భూమిని దానమిచ్చినవాడిగా ఈ రాజు పేరు కనిపిస్తుంది. మన దానశాసనాలు చదివిన వారికి ఆ పద్ధతి ఎంతో పరిచితంగా తోస్తుంది.

1998 ప్రపంచకప్‌లో మూడో స్థానం సాధించిన క్రొయేషియా ఫుట్‌బాల్ జట్టు సారథి బోబన్‌ది కూడా ఇదే పేరు. అక్కడ నివసించినవారు, ఆ భాష చదువుకున్నవారు దయచేసి చెప్పండి: ఇళ్లలో ఈ పేరును 'జ్వొంకో' అని కుదించి పిలవడం ఇప్పటికీ ఉందా? మొదటి అక్షరాన్ని 'జడ'లోని దంత్య జకారంతో రాస్తే అసలు ఉచ్చారణకు దగ్గరగా ఉంటుందా, లేక అంతకన్నా మంచి మార్గం ఉందా?