పైగా నవాబుల సమాధుల జాలీలు రాతివా, గచ్చువా?

ప్రశ్న: హైదరాబాద్ సంతోష్‌నగర్ దగ్గర పీసల్‌బండలో పైగా నవాబుల (నిజాం కొలువులోని ఒక ప్రభువుల వంశం) సమాధులున్నాయి కదా, అక్కడి జాలీలు, అంటే చిల్లుల నగిషీ తెరలు, రాతిలో చెక్కినవా? కొన్నిచోట్ల బూడిదరంగు అతుకులు, వాటి చుట్టూ పెచ్చులూడటం ఎందుకు?

జవాబు 1: గోరీల పలకలు చాలావరకు పాలరాయి. చుట్టూ ఉన్న జాలీ గోడలు, కూజాలు, పూలతీగలు మాత్రం ఎక్కువగా గచ్చు, అంటే సున్నంపని. పైగా వంశ మూలపురుషుడు అబుల్ ఫతే ఖాన్ తేగ్‌జంగ్ సమాధితో 18వ శతాబ్దం చివర్లో ఇది మొదలైంది. కుతుబ్‌షాహీ సమాధుల్లా పెద్ద గుమ్మటాలు ఉండవు, చాలా గోరీల మీద ఆకాశమే. అందుకే వాన నేరుగా గచ్చు మీదే పడుతుంది.

జవాబు 2: ఆ బూడిదరంగు సిమెంటండి. సున్నం గోడ నేల చెమ్మను పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ అతుకు అంచుల్లోంచి బయటికొస్తుంది, దాంతోపాటు ఉప్పు కూడా. ఆరాక ఉప్పు పలుకులు గట్టిపడి పాత గచ్చును లోపల్నుంచే చీలుస్తాయి. అంచున తెల్లగా ఉప్పు పూసిందంటే గుర్తు అదే. వేలితో మెల్లగా తడితే డొల్ల శబ్దం వచ్చేచోట గచ్చు గోడను వదిలేసినట్టే. గోరుతో గీకకండి, ఆ నగిషీ మళ్లీ రాదు. కుతుబ్‌షాహీ సమాధుల్లో 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు (పాత కట్టడాలను బాగుచేసే సంస్థ) చేసిన పనిలో సిమెంటు తీసేసి సున్నమే పూయడం ఇందుకే.

ప్రశ్న అడిగినవారు: సున్నంలో బెల్లం కలుపుతారట, చీమలు పట్టవా?

జవాబు 2: పట్టవు, సున్నం ఘాటు అలాంటిది. వారాలపాటు నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, జల్లెడపట్టిన ఇసుక మూడు పాళ్లు గానుగలో నూరతారు. బెల్లం, కరక్కాయ నానిన నీళ్లు, మారేడు గుజ్జు జిగురుకోసం. బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది. ఒక్కో పూత 10 మిల్లీమీటర్లు దాటకూడదు, దాటితే బీటలే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుని సున్నం గట్టిపడుతుంది, దానికి చెమ్మ కావాలి. కాబట్టి తడి గోనెసంచులు కప్పి కనీసం పదిరోజులు ఉంచాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పూతపెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది.

జవాబు 3: చూడ్డానికి సాయంత్రం వెళ్లండి. ఏటవాలు ఎండలో జాలీ లోతూ, ఉబ్బిన చోటూ రెండూ నీడతోనే తెలిసిపోతాయి.