లేత్ మీద సెంటరింగ్‌కి ఒక్క డయలే కొనాలంటే: ప్లంజరా, లివరా?

కొత్తలేత్: ఫోర్ జా చక్‌లో (నాలుగు దవడలు విడివిడిగా కదిలే పట్టులో) జాబ్‌ని, అంటే చెక్కే ముక్కని, సెంటర్ చేయడానికి ఒక డయల్ (ముల్లుతో సన్న తేడాలు చూపే గేజ్) కొనాలి. రెండు కొనే స్తోమత ఇప్పుడు లేదు. 10 మి.మీ. నడిచే, 0.01 మి.మీ. గీతల ప్లంజరా (కడ్డీ నేరుగా లోపలికి జారేది), 0.002 మి.మీ. గీతల లివరా (చిన్న మొన పక్కకు ఊగేది)? ఎటూ కొంటున్నాం కాబట్టి సన్నగా చూపించేదే మేలేమో అనిపిస్తోంది.

పాతటర్నర్: ప్లంజరే, రెండో మాట లేదు. 0.002 లివర్లు చాలావరకు మొత్తం నడిచేదే 0.2 మి.మీ. జాబ్ 0.1 పక్కకుంటే ఒక చుట్టులో ముల్లు 0.2 తిరుగుతుంది, అంటే దాని పని అక్కడితో సరి. రా బార్ (ఇంకా చెక్కని కడ్డీ) బిగించగానే మి.మీ.ల్లో కొట్టుకుంటుంది. పైగా నల్ల పొక్కుల మీద ఆ ముల్లు వణుకుతుంటే ఏం చదువుతారు?

టూల్‌రూమ్: 0.002 వద్దన్నది నిజమే. కానీ లివర్ అంటే అదొక్కటే కాదు కదండీ, 0.8 నడిచే 0.01 లివర్ ఉంది. రా బార్‌కి అసలు డయలే అక్కర్లేదు. టూల్ మొన దగ్గరికి తెచ్చి, చక్ చేత్తో తిప్పుతూ సందు చూసుకుంటే ఆ 0.8 లోపలికి వచ్చేస్తుంది. మరి బోరుని (లోపలి రంధ్రాన్ని) బట్టి సెంటర్ చేయాల్సి వస్తే? చిన్న బోరులోకి ప్లంజర్ ఎలా దూరుస్తారు?

పాతటర్నర్: దూరదు, ఒప్పుకుంటాను. అయితే లివర్ మొన వాలిందంటే రీడింగే తప్పు. అలాంటి దాన్ని నమ్మి జా ఎలా తిప్పాలి?

టూల్‌రూమ్: మొన 30 డిగ్రీలు వాలితే 0.10 చూపించినప్పుడు అసలుది సుమారు 0.087. అది కొలతకి తప్పే, రన్ అవుట్ (తిరిగేటప్పుడు కొట్టుకునే మేర) ఎంతో రాసివ్వాల్సి వస్తే నేనూ ఊరుకోను. సెంటరింగ్‌లో మనం చూసేది ముల్లు కదులుతోందా లేదా అన్నదే. ఎదురెదురు జాల దగ్గర చదివి, తేడాలో సగం మేర, బయటి వైపు చదివితే ఎక్కువ చూపించిన వైపు నుంచి, బోరులో చదివితే తక్కువ చూపించిన వైపు నుంచి నెడతాం. ఆ సగంలో కాస్త తేడా వస్తే తర్వాతి చుట్టులో సరిపోతుంది. తేడా సున్నా అయ్యాక వాలు ఎంతున్నా సున్నా సున్నానే. ఆ మాటకొస్తే ప్లంజర్‌కీ పేచీ ఉంది: దాని కడ్డీ సరిగ్గా జాబ్ సెంటర్ వైపు చూడాలి, పైకో కిందకో ఉంటే అదీ అబద్ధమే చెబుతుంది.

మరమేకు: మీ ఇద్దరూ స్టాండ్ ఊసే ఎత్తలేదు. పొడుగాటి చేతికి డయల్ తగిలించి వేలితో తాకితే ముల్లు ఊగుతుంది. అలాంటి స్టాండ్ మీద ఏ డయలైనా దండగే. చక్ దగ్గర సున్నా చేసి ఆపేయకండి, జాబ్ బయటి కొసన కూడా చూడండి. అక్కడ కొట్టుకుంటుంటే జాలు తిప్పడం కాదు, మెత్తని సుత్తితో తట్టాలి.

కొత్తలేత్: నాకు వచ్చేవి ఎక్కువ బోరున్న పుల్లీలే. అయితే 0.01 లివర్ తీసుకుంటాను. కీవే (కీ కూర్చునే గాడి) ఉన్న షాఫ్ట్ వస్తే ఎలా?

పాతటర్నర్: బోరు పనైతే సరే, లివరే తీసుకో. షాఫ్ట్ పనికి మాత్రం నా ఓటు ప్లంజర్‌కే. కీవే దగ్గరికి రాగానే మొన వెనక్కి లాగి, దాటాక మళ్లీ ఆనించు. మోటార్ మీద మాత్రం తిప్పకు, మొన గాడిలో పడి విరుగుతుంది.