మధుమేహం ఉన్నవారికి విడిగా వండకుండా, ఖర్చు పెరగకుండా గడిచేదెలా?

మూడు తరాల ఇల్లు:
మా అత్తగారికి మధుమేహం బయటపడినప్పటి నుంచి ఆమెకు విడిగా వండుతున్నాను. సరుకుల ఖర్చూ పనీ పెరగడం అలా ఉంచితే, అందరి మధ్యా కూర్చుని తానొక్కరే వేరే తిండి తినవలసి రావడం ఆమె మనసుకు కష్టంగా ఉంది. మధుమేహులకు ప్రత్యేకమంటూ అమ్మే బిస్కెట్లు, పిండ్లు మా స్తోమతకు మించినవి. ఇంటిల్లిపాదికీ ఒకే వంటతో గడుపుకొస్తున్నవారు తమ అనుభవం చెప్పగలరా?

కొలతగిన్నె:
ఆ బిస్కెట్లు కొనడం ముందుగా మానేయండి. వాటిలో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, అది చివరికి గ్లూకోజుగానే మారుతుంది. చక్కెరకు బదులుగా కలిపే మాల్టిటాల్ వంటివి కూడా రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతాయి. మా నాన్నగారి కోసం మేము వంట మార్చలేదు, వడ్డన మార్చాము. సుమారు 23 సెంటీమీటర్ల వెడల్పున్న కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు, గుడ్డు, చేప వంటి మాంసకృత్తులున్న పదార్థం, మిగిలిన పావు వంతు అన్నం లేదా రొట్టె ఉండేలా చూస్తాము. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచించే పద్ధతి కూడా ఇదే. బంగాళాదుంప, మొక్కజొన్న, పచ్చి బఠాణీ కూరగాయలతో పాటే ఇంటికి వచ్చినా, వాటిని అన్నం ఉన్న పావు భాగంలోనే లెక్కవేయాలి. ఎదిగే పిల్లలకు, ఒళ్లు వంచి పనిచేసేవారికి అదే గిన్నెలోంచి అన్నం ఎక్కువ పెడితే సరిపోతుంది.

నానిన గింజ:
ఖర్చు విషయానికి వస్తే, ఎండు గింజలంత ఆదుకునేవి మరొకటి లేవని నా నమ్మకం. శనగలు, రాజ్మా వంటివి 100 గ్రాములు ఉడికితే రెండింతలకు పైగా తూగుతాయి, మాంసకృత్తులతో పాటు పీచునూ ఇస్తాయి. మాంసం వండే రోజున దాని పరిమాణం సగానికి తగ్గించి, ఆ మేరకు ఉడికిన గింజలు కలుపుతాము. పిల్లలు కూడా ఇష్టంగానే తింటున్నారు. నానబెట్టిన గింజను రెండుగా విడదీసి చూసినప్పుడు మధ్యలో తెల్లగా, పొడిగా కనిపిస్తే ఇంకా నానాలి. రాజ్మాను మాత్రం నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీటిలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తర్వాతే మెత్తగా ఉడికించాలి, ఎందుకంటే సరిగ్గా ఉడకని రాజ్మా వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. ఒకేసారి ఎక్కువగా ఉడికించి, పూటకు సరిపడా డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఇంధనమూ ఆదా అవుతుంది. కూరగాయల ధర మండిపోతున్నప్పుడు ఫ్రీజర్‌లో నిల్వచేసి అమ్మేవి కొనడానికి సందేహించకండి, పోషకాలలో అవి తాజావాటికి పెద్దగా తీసిపోవు.

నిదానం:
కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు ఇంటికి తేవడం ఆపితేనే కూరగాయలకు కొంత డబ్బు మిగులుతుంది. ఏ భోజనం ఆమెకు సరిపడుతుందో ఇంట్లో రక్తంలో గ్లూకోజు చూసే మీటరే చెబుతుంది: తినబోయే ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరోసారి చూసి, ఏమి తిన్నారో పక్కనే రాయండి. రెండు గంటల విలువ 180 mg/dL లోపు ఉండాలన్నది చాలామంది పెద్దలకు పెట్టే లక్ష్యం, వయసును బట్టి డాక్టరు దాన్ని మార్చవచ్చు. స్ట్రిప్పుల ఖర్చు తగ్గాలంటే, తరచూ వండే వంటకాలను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే చాలు. ఇంతకూ ఆమె వాడుతున్న మందులేమిటి?

మూడు తరాల ఇల్లు:
గ్లిక్లజైడ్ వాడుతున్నారు. రేపటి నుంచే అన్నం తగ్గిద్దామనుకుంటున్నాను.

నిదానం:
దయచేసి ముందు డాక్టరుగారితో మాట్లాడండి. ఆ మాత్ర వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే గ్లూకోజు 70 mg/dL కంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు, తికమక రావచ్చు. అలాంటప్పుడు 15 గ్రాముల గ్లూకోజు గానీ చక్కెర గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరుగారి దగ్గరకు వెళ్లేటప్పుడు మూత్రపిండాల పరీక్ష కాగితం కూడా పట్టుకెళ్లండి, వాటి పనితీరు తగ్గి ఉంటే పప్పులు, గింజలు ఎంతవరకు తినవచ్చో వారే నిర్ణయించాలి.