నైట్రోజన్ మీద ఫెమ్టోసెకను లేజర్: 14 దగ్గర మూడు పీకులు ఎందుకు?

అయాన్‌వేట: 800 నానోమీటర్ల, 35 ఫెమ్టోసెకన్ల పల్సును నైట్రోజన్ మీద ఫోకస్ చేస్తున్నాం. పల్సుకు 100 మైక్రోజౌళ్లు, ఫోకస్‌లో బీమ్ వ్యాసార్ధం 20 మైక్రాన్లు. పోలరైజేషన్ (కాంతి విద్యుత్ క్షేత్రం ఊగే దిశ) టైమ్-ఆఫ్-ఫ్లైట్ (అయాన్లను ప్రయాణ కాలాన్ని బట్టి వేరుచేసే పరికరం) అక్షం వెంబడే, లాగే క్షేత్రం సెంటీమీటరుకు 200 వోల్టులు. ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 14 దగ్గర మధ్యలో సన్నటి పీకు, అటూ ఇటూ వెడల్పాటివి రెండు. ఆ రెండింటి మధ్య ఎడం 100 నానోసెకన్లు. అంటే ముక్కకు 3.5 ఎలక్ట్రాన్ వోల్టులు, జంటకు 7. బంధం పొడవు 1.1 ఆంగ్‌స్ట్రామ్ కదా, కూలుంబ్ లెక్కన, అంటే రెండు ధనావేశాల వికర్షణ ప్రకారం, జంటకు 13 రావాలి. మిగతాది ఏమైంది? మధ్యలోది ఏమిటి?

కూలుంబుడు: రెండింటికీ జవాబు ఆ మధ్య పీకులోనే ఉందండీ. అందులో ఎక్కువ భాగం విడిపోని నైట్రోజన్ అణువే, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది. 28ని 2తో భాగిస్తే 14. కూలుంబ్ వికర్షణ ఒక్కటే ఉంటే ఆ అణువు డిటెక్టర్ దాకా బతకదు. మిగిలిన ఎలక్ట్రాన్లు ఇంకా పట్టి ఉంచుతున్నాయి, అందుకే విడిపోయేవాటికీ 13 దక్కదు. 13 అనేది బిందు ఆవేశాల లెక్క.

మీ తీవ్రత చదరపు సెంటీమీటరుకు సుమారు 4.3×10¹⁴ వాట్లు, కెల్డిష్ పరామితి (ఎలక్ట్రాన్ ఏ తీరులో ఊడుతుందో చెప్పే సంఖ్య) 0.55. 1 కంటే తక్కువ కాబట్టి టన్నెలింగే, అంటే లేజర్ క్షేత్రం వంచిన అడ్డుగోడ గుండా ఎలక్ట్రాన్ జారిపోవడం. ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారే పోవు. మొదటిది పోయాక బంధం సాగుతుంది, సాగిన అణువు నుంచి తర్వాతివి ఇంకా తేలిగ్గా ఊడతాయి. 7 ఎలక్ట్రాన్ వోల్టులతో విడిపోయే ముక్కల మధ్య ఎడం చివరికి ఫెమ్టోసెకనుకు 0.14 ఆంగ్‌స్ట్రామ్ చొప్పున పెరుగుతుంది. పల్సు ముగిసేలోపు బంధం రెట్టింపు కావడానికి అది చాలు.

వేవ్‌ప్లేట్: మధ్య పీకంతా ద్వయావేశ అణువే (రెండు ఎలక్ట్రాన్లు పోయినది) అనుకోకండి. ఒక్క ఎలక్ట్రాన్ పోయిన అణువు ఒక అయానుగా, ఒక తటస్థ పరమాణువుగా విడిపోయినా మెల్లగా కదిలే అయాను అక్కడే పడుతుంది. తేడా తెలియాలంటే 14.5 చూడండి. సహజ నైట్రోజన్‌లో 14-15 జంటలు (14, 15 ద్రవ్యరాశుల పరమాణువులు కలిసిన అణువులు) సుమారు 0.7 శాతం, అక్కడికి చేరేది ద్వయావేశ అణువే. అయితే ప్రయాణ కాలం 3 మైక్రోసెకన్లయితే 14.5 మధ్య పీకుకు 53 నానోసెకన్ల దూరంలో ఉంటుంది, మీ వెనక రెక్క (వెడల్పాటి పక్క పీకు) సరిగ్గా అక్కడే కూర్చుంది! హాఫ్-వేవ్ ప్లేటును (పోలరైజేషన్ దిశను తిప్పే పలక) 45 డిగ్రీలు తిప్పి పోలరైజేషన్‌ను అడ్డంగా పెడితే రెక్కలు కుంచించుకుపోతాయి, అప్పుడు కొలవండి.

అయాన్‌వేట: ధన్యవాదాలండీ. పల్సు నిడివి కొలిచింది లెన్సుకు ముందు. లెన్సు, కిటికీ కలిపి 10 మిల్లీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా.

కూలుంబుడు: అయితే ఆ గాజు పల్సును సాగదీస్తుంది, లోపల 35 కాదు, సుమారు 45 ఫెమ్టోసెకన్లు. తీవ్రత 3.3×10¹⁴కు పడిపోయినట్టే, బంధం సాగడానికి సమయం కూడా పెరిగింది. కంప్రెసర్ (లేజర్‌లో పల్సును కుదించే భాగం) గ్రేటింగ్ ఎడాన్ని కొంచెం కొంచెంగా మారుస్తూ 7 దగ్గర వచ్చే ద్వయావేశ పరమాణు అయాను సిగ్నల్ గరిష్ఠమయ్యే చోట ఆపండి. వాయు పీడనం మాత్రం తగ్గించి ఉంచండి. 28 దగ్గరి పీకు పీడనంతో పాటు వెడల్పవుతుంటే అది స్పేస్ ఛార్జ్ (ఒకేచోట కిక్కిరిసిన అయాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం), అప్పుడు ముక్కల శక్తి లెక్కలు నమ్మడానికి లేదు.