థర్మోకోల్ కరిగిపోతోంది, రేపే జ్యూరీ, ఎవరైనా చెప్పండి

కడప_బండ (రాత్రి 9:20)
సాయంత్రం ఐదు నుంచి ఇదే పని. మోడల్ మీద వంటింటి అల్యూమినియం రేకు అంటుకోవడం లేదు. గమ్ము రాసిన చోటల్లా గుంటలు. రెండుసార్లు కోసి కొత్తగా చేశాను, మళ్ళీ అంతే. వీడియోల్లో అందరికీ చక్కగా వస్తుంది, నాకే ఎందుకిట్లా? రేపు పదింటికి జ్యూరీ, అంటే కాలేజీలో మోడల్ చూసి ప్రశ్నలడిగేవాళ్ళ ముందు పెట్టాలి. తల్లిదండ్రులు కూడా వస్తారని షీట్ మీద టైటిల్ తెలుగులో పెట్టమన్నారు. "రేవు నగరం నుంచి కళా నగరం" అని పెట్టాను, బాగుందా? వైవీ స్ట్రీట్‌లో షాపులన్నీ మూసేశారు. ఏడుపొస్తోంది.

గుండుసూది (9:23)
ఏ గమ్ము?

అనంత_ఎండ (9:26)
ఏ ఊరు, ఏ బిల్డింగు అన్నది చెప్పకుండా మోడల్ మోడల్ అంటే మేమేం చెప్పేది తల్లీ?

పాతపేపర్లు (9:31)
రేవు, కళ అంటే లివర్‌పూల్ అయ్యుంటుంది. ఆ ఊరు 2008లో యూరప్ సాంస్కృతిక రాజధాని. పాత ఆల్బర్ట్ డాక్ గోదాముల్లో 1988లోనే టేట్ గ్యాలరీ పెట్టారు. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, రేవు ఒడ్డున కొత్త కట్టడాలు ఎక్కువయ్యాయని 2021లో తీసేశారు. షీట్ మీద ఈ సంగతి తప్పక రాయమ్మా. జ్యూరీలో ఎవరో ఒకరు అడుగుతారు.

కడప_బండ (9:35)
లివర్‌పూల్ కాదండీ. గుగ్గెన్‌హైమ్ మ్యూజియం. అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు.

గుండుసూది (9:36)
న్యూయార్క్‌లో కూడా ఒకటుంది.

కడప_బండ (9:37)
అబ్బా. స్పెయిన్‌ది. బిల్బావో. ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్ గీసింది.

గుండుసూది (9:37)
ఏ గమ్ము?

తుంగభద్ర_ఒడ్డు (9:44)
అమ్మాయీ, ముందు టైటిల్ సంగతి చూద్దాం. మాది కర్నూలు, ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. మన సీమలో రేవు అంటే ఏరు దాటే చోటు, లేకపోతే చాకిరేవు. "రేవు నగరం" అని బోర్డు పెడితే మీ నాయనమ్మ వచ్చి బట్టలుతికే ఊరనుకుంటుంది. ఓడలు ఆగే చోటు ఓడరేవు. కొందరు నౌకాశ్రయం అంటారు. అది పత్రికల భాష, నోట్లో నానిన మాట కాదు. పడవల విషయంలో మన ప్రాంతమేమీ తీసిపోలేదు. 1863 నుంచి 1870 దాకా తవ్విన కేసీ కాలువ సాగునీటికే కాదు, పడవలు నడపడానికి కూడా. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై మీ కడప దాకా వస్తుంది. ఆ కాలువ గట్టున ఏ మ్యూజియమూ లేదు, దాని గురించి మోడల్ చేసేవాళ్ళూ లేరు. స్పెయిన్ దాకా పోవడమెందుకు?

అనంత_ఎండ (9:49)
మాస్టారూ, ఆ అమ్మాయికి కరిగిపోతున్నది థర్మోకోల్, కాలువ కాదు.

పాతపేపర్లు (9:52)
"నోట్లో నానిన మాట" అంటే పోర్టే సార్. బందరు పోర్టు, కృష్ణపట్నం పోర్టు అంటాం గానీ ఓడరేవు అని ఎవరంటారు?

తుంగభద్ర_ఒడ్డు (9:55)
చీరాల దగ్గర ఓడరేవు అని ఏకంగా ఊరే ఉంది. ఎప్పుడైనా వెళ్ళారా?

కడప_బండ (9:58)
గమ్ము పేరు చూడలేదన్నా. పసుపు రంగు, డబ్బాలో వస్తుంది, చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఉంటుందే, అదే వాసన. గట్టిగా పడుతుందని తెచ్చాను.

గుండుసూది (9:59)
అదే కారణం. అందులో ఉండే ద్రావణి థర్మోకోల్‌ను తినేస్తుంది. తెల్ల గమ్ము వాడు. మోడల్ మీద స్ప్రే పెయింట్ అసలు కొట్టొద్దు, అదీ ఇంతే.

కడప_బండ (10:01)
అయ్యో. వెండి రంగు స్ప్రే కొనుక్కొచ్చి పెట్టుకున్నా.

బొమ్మలపెట్టె (10:08)
చెల్లీ, నేను ప్రొద్దుటూరులో గణపతి మండపాలకు థర్మోకోల్ పని చేస్తా, ఇది నాకు రోజూ ఉండేదే. గుంటలు పడినచోట పాత పేపరు చింపి, తెల్ల గమ్ములో ముంచి నింపు. ఆరాక ఉప్పు కాగితంతో రుద్దు. రేకును నేరుగా థర్మోకోల్ మీద తెల్ల గమ్ముతో వేస్తే లోపల గాలి తగలక తెల్లారినా ఆరదు. ముందు రేకును డ్రాయింగ్ చార్టు మీద అతికించి ఫ్యాను కింద పెట్టు. ఆరాక గోరంత గోరంత ముక్కలు కోసి, రెండువైపులా అంటుకునే టేపుతో కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేట్టు వేసుకుంటూ పో, చేప పొలుసుల్లాగా. పెద్ద రేకును వంకర మీద ఒకేసారి చుట్టాలని చూస్తే ముడతలు పడక తప్పదు. అసలు బిల్డింగుకే 33 వేల టైటానియం రేకులు వేశారంట కదా, మనకు నాలుగైదు వందలు చాలు.

అనంత_ఎండ (10:13)
ఇది పనికొచ్చే మాట. ఇంకొకటి, రేకు మెరిసే వైపు పైకి పెట్టొద్దు. అక్కడ ఎప్పుడూ మబ్బు, వాన. స్టీలు పెడితే ఆ వెలుతురులో చచ్చినట్టు కనిపిస్తుందని టైటానియం తీసుకున్నారు. అది మసక వెలుతురులో కూడా కొంచెం బంగారు రంగు పట్టుకుంటుంది. వంటింటి రేకు మెరుపు తక్కువగా ఉండే వైపు దానికి దగ్గర. అదే బిల్డింగు మా అనంతపురంలో కడితే మే నెలలో గోడ మీద గుడ్డు వేయించుకోవచ్చు. గోడల్లో కొంత భాగం సున్నపురాయి కూడా ఉంది, అక్కడ రేకు వేయకుండా లేత రంగు అట్ట పెట్టు. నీ పేరే కడప బండ, అదీ సున్నపురాయే.

కడప_బండ (10:21)
చాలా థాంక్స్ అన్నా. చార్టు మీద రేకు వేసేశాను, ఆరుతోంది. బేసు ఫొటో పెడుతున్నా, ఇది చాలా? ఎడమవైపు నీలం అంతా సముద్రం.

గుండుసూది (10:22)
సముద్రం లేదక్కడ.

కడప_బండ (10:23)
పోర్టు సిటీ కదా??

అనంత_ఎండ (10:31)
పోర్టు సిటీయే, కానీ ఏటి మీద. నెర్వియాన్ అని. సముద్రం పది కిలోమీటర్ల పైమాటే. పోటుకు సముద్రపు నీళ్ళు ఊళ్ళోకి ఎక్కొస్తాయి, అందుకే ఓడలు లోపలికి వచ్చేవి. ఇనప ఖనిజం, ఉక్కు, ఓడల తయారీ అన్నీ ఆ ఏటి గట్టునే. 1983 ఆగస్టులో వరద వచ్చి పాత ఊరు మునిగింది. ఆ దశకంలోనే ఎస్కల్దునా అనే ఓడల కార్ఖానా మూతపడింది, మూయొద్దని కార్మికులు వీధుల్లో కొట్లాడారు. ఇప్పుడు ఆ జాగాలో ఓడ ఆకారంలో కచేరీ హాలు ఉంది, 1999లో తెరిచారు. పోర్టును సముద్రం దగ్గరికి జరిపి గట్టు ఖాళీ చేశారు.

ఒక్క మ్యూజియంతో ఊరు బాగుపడిందని అందరూ రాస్తారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. మ్యూజియం తెరిచింది 1997 అక్టోబరులో. నార్మన్ ఫోస్టర్ గీసిన మెట్రో 1995లోనే నడిచింది. మురుగు కాలువల్లా ఉన్న ఏటిని శుభ్రం చేసే పని అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలుపెట్టారు, దానికి పెట్టిన డబ్బు ముందు మ్యూజియం ఖర్చు చిల్లర. కంపు కొట్టే ఏటి పక్కన టైటానియం పెట్టినా ఎవరొస్తారు? జ్యూరీలో ఈ ముక్క చెప్పు.

తుంగభద్ర_ఒడ్డు (10:38)
మా కర్నూలు 1953 అక్టోబరు ఒకటి నుంచి 1956 దాకా రాజధాని. ఏరుంది, బురుజుంది. పట్టించుకునేవాళ్ళేరీ?

పాతపేపర్లు (10:41)
మాస్టారు, మళ్ళీ ఊరు మారింది.

గుండుసూది (10:42)
స్కేలు ఎంత?

కడప_బండ (10:50)
నీలం గీకేసి ఏరు వంపు గీశాను. చేతులు నొప్పి. స్కేలు షీట్ మీద 1:200 అని రాశాను, సీనియర్ అక్క వాళ్ళది అంతే ఉంది.

గుండుసూది (10:52)
పెద్ద గ్యాలరీ 130 మీటర్లు. 1:200లో 65 సెంటీమీటర్లు. నీ బేసు?

కడప_బండ (10:53)
రెండడుగులు. అంటే 60. ఇప్పుడేం చేయాలి?? గ్యాలరీ నేను చేసింది 32, 33 సెంటీమీటర్లు ఉంది అంతే.

గుండుసూది (10:55)
అది 1:400. షీట్ మీద అంకె మార్చు. మోడల్ ముట్టుకోకు. మధ్య హాలు 50 మీటర్లు, అది పన్నెండున్నర రావాలి.

కడప_బండ (10:57)
13 ఉంది!!

గుండుసూది (10:57)
చాలు.

బొమ్మలపెట్టె (11:10)
చెల్లీ, గ్యాలరీ చివర బ్రిడ్జి కింద దూరి అవతలికి పోతుంది, అది మర్చిపోవద్దు. అట్ట ముక్క అడ్డంగా పెడితే సరి. ముందర పూల కుక్క కూడా ఉంటుందంట కదా, స్పాంజి ముక్కకు పచ్చ రంగు పూసి చిన్న పూలు గుచ్చు. పిల్లలకు నచ్చుతుంది.

తుంగభద్ర_ఒడ్డు (11:18)
ఇంతకీ టైటిల్ ఏం పెట్టావమ్మా? "ఓడరేవు నుంచి కళాకేంద్రం దాకా" అంటే బాగుంటుంది. కళా నగరం అనడం తప్పు, ఆ ఊళ్ళో ఇప్పటికీ పోర్టు పని, బ్యాంకులు అన్నీ ఉన్నాయి కదా.

పాతపేపర్లు (11:24)
అయితే కళాకేంద్రం కూడా తప్పే. సాంస్కృతిక కేంద్రం అనాలి. కళ వేరు, సంస్కృతి వేరు.

తుంగభద్ర_ఒడ్డు (11:29)
ఎట్లా వేరో చెప్పండి.

పాతపేపర్లు (11:47)
రేపు చెప్తాను, పెద్దగా రాయాల్సి ఉంది.

కడప_బండ (మరుసటి రోజు మధ్యాహ్నం 2:15)
అయిపోయింది. ఒక మూల రేకు లేచింది, ఎవరూ చూడలేదు. కుక్క బాగుందన్నారు. ఏరు ఎందుకు అంత వెడల్పు అని అడిగారు, సముద్రం గీకిన మచ్చ అని చెప్పలేదు. థాంక్స్ అన్నా, థాంక్స్ మాస్టారు. నిద్రపోతున్నా.

పాతపేపర్లు (సాయంత్రం 6:40)
మాస్టారు గారూ, నిన్నటి విషయం. సంస్కృతి అనే మాటను ముందు మనం రెండు అర్థాల్లో వాడుతున్నాం...

అనంత_ఎండ (6:52)
టైటిల్ చివరికి ఏం పెట్టిందో ఎవరికైనా తెలుసా?