తాటికి చేవ ఉందా? ‘త్వక్సారం’ అనే మాట సంగతి

ప్రశ్న: కాండాల నిర్మాణం మీద వ్యాసం రాస్తున్నాను. టేకు కాండం నడుమ ఉండే ముదురు రంగు కర్రను ‘చేవ’ అన్నాను. తాటి, వెదురు దగ్గరికి వచ్చేసరికి అదే మాట వాడవచ్చా అని ఆగిపోయాను. తెలిసినవారు చెప్పండి.

జవాబు: వాడకండి. చేవ పుట్టాలంటే చెట్టు ఏటేటా లావెక్కాలి. టేకు వంటి ద్విదళబీజపు చెట్టులో (గింజలో రెండు పప్పులు, అంటే బీజదళాలు, ఉండేది) బెరడుకూ కర్రకూ మధ్య కేంబియం అనే పలుచని పొర ఉండి, లోపలివైపు కొత్త కర్రను చేరుస్తూ పోతుంది. పాత కర్ర నడుమన పడి, నీరు మోయడం మాని, రంగు ముదిరి చేవ అవుతుంది. తాటి, వెదురు వంటి ఏకదళబీజాలకు (గింజలో ఒకే బీజదళం ఉండేవాటికి) ఆ పొర లేదు. నీటినీ ఆహారాన్నీ మోసే నాళికాపుంజాలు వాటిలో వలయంగా అమరవు, కాండమంతా చెదిరి ఉంటాయి. తాటిమానును అడ్డంగా కోస్తే వలయాలు కాక చుక్కలు కనిపించేది అందుకే. ఒక్కో పుంజానికీ గట్టి నారల తొడుగు ఉంటుంది. అంచు దగ్గర ఈ పుంజాలు కిక్కిరిసి ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలుచబడతాయి. అంటే గట్టిదనం అంచున, మెత్తన నడుమ. టేకుకు పూర్తిగా తలకిందులు. (డ్రసీనా వంటి కొన్ని ఏకదళబీజాలు వేరే పద్ధతిలో లావెక్కుతాయి, కానీ అక్కడా పుట్టేది టేకులాంటి కర్ర కాదు.)

ఈ తేడాను మన పాత సంస్కృత నిఘంటువు పట్టుకుంది. అమరకోశంలో వెదురు పర్యాయపదాలు చూడండి: త్వక్సారం, త్వచిసారం, తృణధ్వజం. సారం అంటే చేవే. చర్మంలో చేవ కలది త్వక్సారం. త్వచిసారంలో ‘త్వచి’ అనే సప్తమీ విభక్తి లోపించకుండా అలాగే నిలిచింది, అలుక్సమాసం. మూడో మాట వెదురును గడ్డిలో కలిపింది, అదీ సరైనదే.

మరొకరు: వాడుకలో చేవ అంటే గట్టిదనమే కదండీ! ‘చేవ చచ్చినవాడు’ అన్నప్పుడు కేంబియం ఎవరికి గుర్తొస్తుంది? పైగా తాటిని ‘తృణరాజం’ అన్నదీ ఆ నిఘంటువే. తాటి గడ్డి అవుతుందా?

జవాబు: మాటల్లో మీరన్నది నిజమే, అక్కడ నాకు పేచీ లేదు. కాండంలో ఒక భాగానికి పేరుగా వాడినప్పుడే చిక్కు. ఇక తాటి గడ్డి కాదు. అమరకోశం కూర్చిన అమరుడు ఖర్జూరం, మొగలి వంటివాటిని ‘తృణద్రుమాలు’ (గడ్డిచెట్లు) అని ఒక గుంపు చేశాడు. డీఎన్‌ఏ ఆధారంగా 1998 నుంచి వస్తున్న ఏపీజీ అనే పూలమొక్కల వర్గీకరణలో వెదురు, వరి పోయేలీస్ క్రమంలో, తాటి, ఖర్జూరం అరేకేలీస్‌లో, మొగలి పాండనేలీస్‌లో ఉన్నాయి. క్రమాలు వేరైనా అన్నీ ఏకదళబీజాలే. బీజదళాలు లెక్కపెట్టకుండా, రూపం చూసి చేసిన గుంపు ఇంత దగ్గరగా రావడం నాకైతే అబ్బురమే.

ప్రశ్న అడిగినవారు: అయితే వెదురుకు త్వక్సారం, తాటికి ‘గట్టి అంచు’ అని రాస్తాను. మరి అరటికి?

జవాబు: అరటిలో మాను అనుకునేది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు తొడుగులే. అసలు కాండం నేలలోని దుంప; గెల వేసే ముందు దాని నుంచి నడుమగా పైకి వచ్చేది దూట. అక్కడ చేవ మాటే ఎత్తనక్కరలేదు.